తొమ్మిదిన్నర వేళ్ళు

జీడిబట్టీలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు చూసి వయసు చెప్పమంటే కాశీబుగ్గలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా చెప్పలేరు. పాతికేళ్ళ మనిషికైనా అరవై ఏళ్ళ ముసలమ్మకైనా అవే నల్లటి అరచేతులు, అదే గరుకు. కాల్చిన పిక్కను రాయి మీద నిలబెట్టి కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే తొక్క రెండుగా విడిపోవాలి, లోపలి పప్పు చెక్కు చెదరకూడదు. పప్పు తినేవాడికి తియ్యగానే ఉంటుంది. తొక్కలో ఊరే జీడి మాత్రం తగిలిన చోటల్లా ఒంటిని కాలుస్తుంది. అందుకే పొద్దున్నే ఆముదం పట్టించి, బూడిద అద్దుకుని గానీ ఎవరూ సుత్తి పట్టరు. అయినా జీడి తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

వరహాలమ్మవి అలాంటి చేతులే, కాకపోతే ఒక తేడా ఉంది. పనిలో చేరిన మొదటి ఏడాదే సుత్తి తప్పి కుడిచేతి చిటికెనవేలు కొస చితికిపోయింది. గోరున్న ముక్క ఊడిపోయి, సగం వేలు మిగిలింది. పెళ్ళయిన కొత్తలో మొగుడు గున్నయ్య నవ్వుతూ ఒక మాట అన్నాడు. "నీ సెయ్యి తగిల్తే కొబ్బరిమట్ట గీరుకున్నట్టుంటాదే." చెడ్డవాడు కాడు గున్నయ్య. వజ్రపుకొత్తూరు పక్క కొబ్బరితోటల్లో కాయ దింపుకుని బతికినవాడు, కిడ్నీ జబ్బొచ్చి ముప్పై ఏళ్ళకే పోయాడు. మాట కూడా సరదాకే అన్నాడు. కానీ ఆ రోజు నుంచి వరహాలమ్మ తన చేతులు తన దగ్గరే పెట్టుకోవడం నేర్చుకుంది. మొగుడు పోయాక ఆ పని ఇంకా తేలికైంది. కాశీబుగ్గలో ఒంటిగది, బట్టీ, మళ్ళీ గది. ఆరేళ్ళు అలాగే గడిచాయి.

ఆ బట్టీలో ప్యాకింగు గది చూసుకోవడానికి టెక్కలి నుంచి యుగంధర్ అని ఒకాయన వచ్చాడు. డబ్బాల్లో పప్పు నింపించి, సీలు వేయించి లారీకి ఎక్కించడం అతని పని. ముప్పై ఏళ్ళుంటాయి, తెల్లగా ఉంటాడు, చొక్కా మాయనివ్వడు. అతని ఒంటికి జీడి పడదు. అందరికీ కాస్తో కూస్తో కాలుతుంది గానీ, ఇతనికి పొగ తగిలినా మొహం వాచిపోతుంది. అలాంటివాడు జీడిబట్టీలో ఎందుకు చేరాడంటే, ఉద్యోగాలు మనిషి ఒంటిని చూసి దొరకవు కాబట్టి. పిక్కలు కొట్టే షెడ్డు వైపు రాకుండా, తలుపేసుకుని కూర్చునేవాడు.

రెండు వేల సంవత్సరం ఎండాకాలంలో ఒకనాడు గాలి తిరిగింది. పిక్కలు కాల్చే కాల్పుగొట్టం పొగంతా ప్యాకింగు గదిలో దూరింది. గంటలో యుగంధర్ మెడ, వీపు ఎర్రగా ఉబ్బిపోయాయి. యజమాని వైకుంఠరావు కంగారుపడి, "ఎవులైనా కొబ్బరిపాలు పుయ్యండే, సచ్చిపోయేలా గున్నాడు" అని అరిచాడు. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. వరహాలమ్మ లేచింది. ఆముదంతో చేతులు తుడుచుకుంది, బూడిదతో రుద్దింది, చింతపండుతో తోమింది, కొబ్బరిపీచుతో గీకి సబ్బుతో కడిగింది. అప్పుడు వెళ్ళి, గోనెసంచుల మీద బోర్లా పడుకున్న ఆ మనిషి వీపు మీద చెయ్యి వేసింది.

"నీ సేతులు ఇంత సల్లగున్నాయేటి?" అన్నాడతను కళ్ళు మూసుకునే.

చల్లదనం కొబ్బరిపాలది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ ఆరేళ్ళు ఎవరి ఒంటినీ ముట్టని చేతులకి, అంతకుముందు కొబ్బరిమట్ట అనిపించుకున్న చేతులకి, ఆ మాట చాలు. పిచ్చి పట్టడానికి ఇంతకన్నా పెద్ద కారణం కావాలని అనుకునేవాళ్ళు ఎన్నడూ ఒంటరిగా బతికి ఉండరు.

బట్టీకి గురువారం సెలవు. యుగంధర్ బజారు వెనక మేడగదిలో అద్దెకుండేవాడు, శనివారం సాయంత్రం టెక్కలి వెళ్ళి సోమవారం వచ్చేవాడు. పెళ్ళాం ఉంది. "పేరుకే" అన్నాడు ఆమె గురించి, ఇంకేమీ చెప్పలేదు. అలా అనే మగవాళ్ళందరినీ ఒక సంచిలో వేస్తే ఎవడు ఎవడో గుర్తుపట్టలేం. వరహాలమ్మ మాత్రం ఆ ఒక్క మాటనీ కొంగున కట్టుకుంది. వంట చేసి పెట్టే మనిషిగా గురువారం మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని ఆ మేడమెట్లెక్కేది. ఎండకి బజారంతా తలుపులు దించుకుని పడుకునే వేళ.

ఆ గురువారం కోసం బుధవారం సాయంత్రం నుంచే చేతులు కడగడం మొదలుపెట్టేది. ఆముదం, బూడిద, చింతపండు, పీచు, సబ్బు. మళ్ళీ మొదటి నుంచి. ఆ తర్వాత తన మోచేతి లోపలి పక్క, మెత్తని చోట, అరచేతిని గట్టిగా రాసుకుని ఆ రాత్రి అలాగే పడుకునేది. తెల్లారేసరికి అక్కడ ఎర్రబడకపోతే చేతులు శుభ్రంగా ఉన్నట్టు. మేడగదిలోకి వెళ్ళగానే ఆ రెండు చేతులూ చాపేది. అతను వంగి వాసన చూసేవాడు.

"బాగుంది" అనేవాడు. అన్నాకే చొక్కా విప్పేవాడు.

ఆ గదిలో ఎవరు ఎవరిని ప్రేమించారో చెప్పడం కష్టం కాదు. అతను పడుకునేవాడు, ఆమె ముట్టుకునేది. మెడ మీద వెంట్రుకల నుంచి నడుము దాకా ఆ వీపు మీద ఆమె వేళ్ళు నడవని చోటు లేదు. ఎడమ భుజం కింద పుట్టుమచ్చని పెదాలతో వెతుక్కునేది. అతనికి ఊపిరి బరువెక్కడం, ఒంట్లో బిగువు సడలడం, తన చేతుల కింద ఒక మగవాడు అలా కరిగిపోవడం ఆమెకి మత్తెక్కించేది. ఇటు తిరిగి దగ్గరకు లాక్కున్నప్పుడు అతను ఆమె మణికట్టు పట్టుకునేవాడు. ఎప్పుడూ మణికట్టే. అరచేతిలో చెయ్యి ఎన్నడూ వెయ్యలేదు. ఆమె అది గమనించకపోలేదు. జీడి భయంలే అనుకుని సరిపెట్టుకుంది.

"బావా, నీ ఒళ్ళు నాకు తెలిసినట్టు ఇంకెవులికీ తెల్దు కదా?" అని అడిగేది.

"తెల్దు" అనేవాడు నిద్రమత్తులో.

గురువారం గడిస్తే మళ్ళీ గురువారం దాకా ఆరు రోజులు. ఆ ఆరు రోజులే ఆమెని పాడుచేశాయి. అతని చొక్కా గుండీ ఒకటి తెంపి తెచ్చుకుని దిండు కింద పెట్టుకుంది. షెడ్డులో పద్నాలుగేళ్ళుగా కూర్చున్న చోటు మార్చి, ప్యాకింగు గది తలుపు కనబడే మూలకి రాయి జరుపుకుంది. చలికాలంలో అతను జ్వరమని చెప్పి పదిహేను రోజులు రాకపోతే, రెండు సోమవారాలు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ప్యాకింగులో సుస్మిత అని నవ్వుమొహం మనిషి చేరింది. అతను ఆమెతో రెండుసార్లు నవ్వడం చూసిన మర్నాడు సుస్మిత గొడుగు పిడికి ఎవరో జీడి పూశారు. ఆమె చేతులు పొక్కిపోయి నాలుగు రోజులు పనిలోకి రాలేదు. పక్కన కూర్చునే పెద్దామె జోగమ్మ, సుత్తి ఆపకుండానే అడిగింది.

"నువ్వేనేటే?"

"నానెందుకు సేత్తాను అప్పా?"

"సేసినదానివి అలాగే అడుగుతావు" అని జోగమ్మ ఇంకో పిక్క అందుకుంది.

మరుసటి వేసవిలో ఒక ఆదివారం వరహాలమ్మ టెక్కలి బస్సెక్కింది. అతని ఇల్లు ఎక్కడో డబ్బాల లారీ డ్రైవరుని అడిగి తెలుసుకుంది. ఎదురుగా సైకిలు షాపు నీడలో నిలబడి చూసింది. వీధి అరుగు మీద యుగంధర్ అటు తిరిగి కూర్చున్నాడు, ఒంటి మీద చొక్కా లేదు. సన్నగా ఉన్న ఒక మనిషి లోపలి నుంచి వచ్చి, తడిచేత్తో అతని వీపు మీద చెమటకాయలకి ఏదో రాసి, అరచేత్తో ఒక్కటి చరిచి లోపలికి పోయింది. అంతే. పెళ్ళాం మొగుణ్ణి ఎలా ముట్టుకుంటుందో అలా, పెద్ద పట్టింపు లేకుండా ముట్టుకుంది. చేతులు కడుక్కుందో లేదో ఎవరూ వాసన చూడలేదు. పెరటి తీగ మీద అతని చొక్కాలతోపాటు ఇంకా ఏవో చిన్నచిన్నవి ఆరుతున్నాయి గానీ, ఆమె వాటిని పట్టించుకోలేదు.

జూన్‌లో అతను చెప్పేశాడు.

"ఒకటో తారీకు నుంచి నాను రాను వరాలూ. టెక్కలి గ్రానైటు పాలిషింగులో సూపర్వైజరు పని దొరికింది. నా ఒంటికి ఈ జీడి పడదు, నీకు తెల్సు కదా."

"మరి నాను?"

"నీకేటి? నువ్వు గట్టి మనిషివి."

ఆ మాట అని అతను తలకింద చేతులు పెట్టుకున్నాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఆఖరి గురువారం మంచి కూర చేసి తెస్తానంది.

తెచ్చింది కూడా. క్యారేజీతోపాటు కొబ్బరినూనె సీసా తెచ్చింది. అప్పుడప్పుడు అతని వీపుకి నూనె రాయడం అలవాటే. సీసాలో నూనె ఎంత ఉందో అంత జీడి కలిపి ఉంది. బుధవారం తొక్కల గుట్ట దగ్గర కూర్చుని, ఒక్కొక్క తొక్కే పిండి, ఆముదం కూడా పూసుకోని వేళ్ళతో పట్టిన జీడి.

చేతులు చాపింది. అతను వాసన చూశాడు, బాగుందన్నాడు. బోర్లా పడుకున్నాడు. ఆమె ముందుగా ఆ వీపు మీద తన చెంప ఆనించి చాలాసేపు ఉండిపోయింది. అప్పుడే లేచి సీసా కిటికీలోంచి పారేసి వెళ్ళిపోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ టెక్కలి అరుగు మీద చరిచిన చప్పుడు ఆమె చెవిలో ఇంకా ఉంది. సీసా అరచేతుల్లోకి వంచుకుని, వేళ్ళు బాగా విడదీసి, రెక్కల కింద రెండు పక్కలా ఆన్చి గట్టిగా నొక్కి పట్టుకుంది. అటూ ఇటూ జరపలేదు.

"ఇయేళ నూనె ఎచ్చగుందేటి?" అన్నాడు.

"ఎండకి బావా."

జీడి వెంటనే కాల్చదు. పడనివాడికైనా ఒక రాత్రి గడవాలి. అతను లేచి, చొక్కా తొడుక్కుని, పెట్టె పట్టుకుని సాయంత్రం బస్సుకి టెక్కలి వెళ్ళిపోయాడు.

ఆమె లెక్క ఆమెకి ఉంది. వీపు మీద తొమ్మిదిన్నర వేళ్ళు తేలతాయి. పెళ్ళాం చూస్తుంది, ఇది ఎవత్తి చెయ్యి అని నిలదీసి బయటికి తోస్తుంది. ఒళ్ళు వాచిన మనిషి ఇంకెక్కడికి పోతాడు? మొదటిసారి ఎవరి చేతులు చల్లగా ఉన్నాయన్నాడో అక్కడికే వస్తాడు. ఆ నమ్మకంతో ప్రతి రోజూ బట్టీ నుంచి రాగానే కొబ్బరికాయ కోరి, పాలు తీసి, గిన్నె మూతపెట్టి గడప దగ్గర కూర్చునేది. పొద్దుగుంకాక ఆ పాలు పారబోసేది. మేడమెట్లు దిగొచ్చిన నాటి నుంచి ఆమెతో మాట్లాడిన మనిషి జోగమ్మ ఒక్కతే, అదీ పని మాటలు.

ఎనిమిదో రోజు వైకుంఠరావు షెడ్డులో నిలబడి చెప్పాడు. "మన యుగంధర్‌కి ఒళ్ళంతా వాచిపోయి ఊపిరాడక శ్రీకాకుళం ఆస్పత్రిలో ఏసారంట. ఇక్కడ మానీసినోడికి జీడెక్కడ తగిలిందో అర్థం కాట్లేదు."

ఆమెకి భయం వేసింది. చచ్చిపోతాడేమో అనుకుంది. దానితోపాటు, చెప్పుకోడానికి సిగ్గుపడాల్సిన సంతోషం కూడా కలిగింది. ఇప్పుడు అతని ఒంట్లో తను ఉంది. జోగమ్మ సుత్తి పక్కన పెట్టి ఆమె చేతుల వైపు చూసింది.

పదమూడో రోజు పొద్దున్న టెక్కలి అరుగు మీది మనిషి బట్టీకి వచ్చింది. రెండు చేతులకీ గుడ్డకట్లు. చంకలో మడత పెట్టిన కాగితం. వైకుంఠరావు ముందు నిలబడి, గొంతు పెంచకుండా మాట్లాడింది.

"నా పేరు బిందు, యుగంధర్ భార్యని. ఆయన వీపు మీద ఎవులో జీడి సేతులు ఏసారు. నూనెకి ఒళ్ళు పేలిందేమో అనుకుని నాను రాత్రంతా అరచేతుల్తో ఆ వీపు రుద్దాను, నా సేతులూ కాలిపోయినాయి. నా సేతులు పొక్కకముందే ఆ అచ్చు మీద పల్చటి కాగితం పెట్టి గీసుకున్నాను. ఈ సెయ్యి ఎవులిదో సూసుకుని ఎల్లిపోతాను."

వైకుంఠరావుకి పోలీసులు కళ్ళముందు కనబడ్డారు. అందరినీ పనాపి వరసగా నిలబెట్టాడు. కాగితం బల్ల మీద పరిచారు. ఒక్కొక్కరే వచ్చి కుడిచెయ్యి ఆనించి పోతున్నారు. ఒకరిది పెద్దది, ఒకరిది పొట్టిది. జోగమ్మ కూడా ఆనించింది. ఆనిస్తూ వెనక్కి తిరిగి, వెళ్ళిపో అన్నట్టు వరహాలమ్మకి కళ్ళతో పెరటి తలుపు చూపించింది.

వరహాలమ్మ అటు వెళ్ళలేదు. తొట్టి దగ్గరకు వెళ్ళి బూడిద కడుక్కుని వచ్చింది, గీత సరిగ్గా తెలియాలని. ఆమెకి జైలు భయం లేదు. ఏడాదిగా మేడమెట్ల మీద నక్కి నక్కి నడిచిన మనిషికి, ఇన్నాళ్ళకి ఒకరు చెయ్యి చూసి పేరు అడగబోతున్నారు. ఆమె వంతు వచ్చింది. వేళ్ళు విడదీసి చెయ్యి పెట్టింది. బొటనవేలు నుంచి ఉంగరపువేలు దాకా గీతకి గీత సరిపోయింది. చిటికెనవేలు దగ్గర గీత సగంలో ఆగింది, వేలూ అక్కడే ఆగింది.

బిందు ఆ సగం వేలుని చూసింది. తల ఎత్తి మొహం చూసింది. మళ్ళీ వేలుని చూసింది.

"ఈ సెయ్యి కాదు" అంది. "తరవాతోళ్ళు రండి."

వరస అయిపోయాక కాగితం మడిచి, "మీవోళ్ళు కాదు బాబూ, నానే పొరపాటు పడ్డాను" అని వైకుంఠరావుకి చెప్పి వెళ్ళిపోయింది.

వరహాలమ్మ రోడ్డు మీద బస్సు ఆగే చోట ఆమెని అందుకుంది. ఒగరుస్తూ అడిగింది.

"కాదన్నావేటి? అది నా సెయ్యే."

"తెల్సు."

"మరెందుకు కాదన్నావు?"

"అవునంటే ఏటవుద్ది? కేసవుద్ది. నీ పేరూ మా ఆయన పేరూ పక్కపక్కన రాస్తారు. రెండూళ్ళూ కలిపి సెప్పుకుంతాయి. నీకు కావాల్సింది అదే కదా. నాను ఇవ్వను."

వరహాలమ్మ అడగకూడదని తెలిసీ అడిగింది.

"ఎలాగున్నాడు?"

"బతికినాడు. వీపంతా మాడి సెక్కు కట్టింది. సెక్కు ఊడిపోద్ది, అచ్చు కూడా నిలవదన్నారు డాక్టరు."

"జరంలో... ఎవుర్నైనా పిలిసినాడా?"

బిందు ఆమెని వింతగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమైతే వరహాలమ్మ తట్టుకునేది.

"ఎవుర్నీ పిలవనేదు. నీళ్ళడిగినాడు."

దూరంగా బస్సు మలుపు తిరిగింది. బిందు కట్లు కట్టిన చేతులు ముందుకు చాపింది.

"నాకు ఒక్కటే సెప్పు. ఈ పుండ్లు మానాక కూడా జీడి అంటుకునే ఉంటాదంటన్నారు. ఎలా ఒదుల్తాది? ఇంట్లో ఏడు నెలల పిల్లుంది. పది రోజులైంది దాన్ని ఎత్తుకుని. పాలు కూడా మా అత్త పట్టుకుంటే ఇస్తన్నాను. నా సెయ్యి కోసం ఏడస్తాది."

ఏడు నెలలు. చలికాలంలో పదిహేను రోజుల జ్వరం. వరహాలమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టని రెండు సోమవారాలు. పెరటి తీగ మీద ఆరుతున్న చిన్నచిన్నవి. అన్నీ ఒక్కసారి వచ్చి ఆమె ముందు కూర్చున్నాయి.

"ముందు పుండ్లు పూర్తిగా మానాల" అంది నెమ్మదిగా. "మానాక ఆముదంతో తుడుసుకో. మెత్తటి బూడిదతో రుద్దు. చింతపండు. కొబ్బరిపీచు. ఆకర్ని సబ్బు. ఒక్కసారికి పోదు, మళ్ళీ మొదట్నించి సెయ్యాల. అయిపోనాక నీ మోచెయ్యి లోపల పక్క, మెత్తగుంటాది సూడు, అక్కడ గట్టిగా రాసుకుని పడుకో. తెల్లారేసరికి ఎర్రబడకపోతే... అప్పుడు ఎత్తుకో."

బిందు పెదాలు కదుపుతూ ఒకసారి తనలో తాను చెప్పుకుంది. ఆముదం, బూడిద, చింతపండు, పీచు, సబ్బు. బస్సు ఆగింది. కట్టు కట్టిన మోచేత్తో కమ్మీని తోసుకుంటూ ఎక్కేసింది, వెనక్కి చూడలేదు.

వరహాలమ్మ షెడ్డుకి తిరిగొచ్చి తన రాయి ముందు కూర్చుంది. ఎవరూ ఏమీ అడగలేదు. అడుగుతారేమోనని సాయంత్రం దాకా ఎదురుచూసింది. సుస్మిత ఆమె పక్కనుంచి వెళ్తూ గొడుగు రెండో చేతికి మార్చుకుంది, అంతే.

పని వదిలాక ఆడవాళ్ళు తొట్టి దగ్గర చేతులు కడుక్కుని ఇళ్ళకి పోయారు. వరహాలమ్మ కడుగుతూనే ఉంది. అది బుధవారం. ఆముదం, బూడిద, చింతపండు, పీచు, సబ్బు. మళ్ళీ మొదటి నుంచి. తొట్టి అడుగంటుతోంది. కొంగు దులుపుకుని వెళ్ళబోతూ జోగమ్మ ఆగింది.

"సాల్లేవే వరాలూ" అంది. "ఎవుర్ని ముట్టుకుంతావని అంత కడుగుతన్నావు?"

వరహాలమ్మ ఇంకోసారి సబ్బు రుద్దుకుంది. ముసలమ్మ అడుగుల చప్పుడు గేటు దాటేదాకా ఆగి, మోచెయ్యి తిప్పి లోపలి పక్క అరచేతిని రాసుకుంది. తెల్లారేసరికి అక్కడ ఎర్రబడలేదు.